నీళ్ళు పడకూడని బోరు

శనివారంలోగా టీచరమ్మ కారు పొగ మానాలి.

ఆమె బడి టీచరు కాదు. పంతొమ్మిదేళ్ళుగా కారు నడపడం నేర్పుతోంది. పక్క సీటు కింద కూడా బ్రేకూ క్లచ్చూ బిగించిన ఆ పాత కారే ఆమె బడి, నల్లబల్ల, బెత్తం. ఈమధ్య అది మలుపు తిరిగిందంటే వీధి వీధంతా దగ్గుతోంది. శనివారం ఏడుగురు శిష్యులకు లైసెన్సు పరీక్ష. ఇంకో కారు ఎక్కిస్తే వాళ్ళ కాళ్ళకు బ్రేకేదో క్లచ్చేదో తెలియదు.

ఇంజను విప్పింది ఆమె తమ్ముడు, మెకానిక్. సిలిండర్లు అరిగిపోయాయని, వాటిని బోరింగ్ చేయించి, అంటే లోపలి గోడలు నున్నగా కోయించి, కాస్త పెద్ద పిస్టన్లు వేయాలని తేల్చాడు. ఆ బోరింగ్ చేసే మేస్త్రి ఆమె భర్తే. ఇంటి కారు, ఇంటి మెకానిక్, ఇంటి మేస్త్రి. ఇంతమంది మనవాళ్ళు ఒక పనిలో చేరితే అది బాగుపడుతుందా అని టీచరమ్మ ముందే అంది. ఒక్క సంగతి మాత్రం నవ్వకుండా చెప్పింది. సిలిండర్లుండే ఆ ఇంజను బ్లాకు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. అది పాడైతే కారు తుక్కుకే, ఆమె బడి మూతే.

మేస్త్రికి ముప్ఫై ఏళ్ళ అనుభవం. బోరు కొట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని టీచరమ్మ కూడా ఒప్పుకుంటుంది. షాపులోనా, ఇంట్లోనా అన్నది మాత్రం చెప్పదు. షాపు గోడ మీద ఎర్ర రంగుతో ఒక బోర్డు ఉంటుంది: "పిస్టన్ చేతికొచ్చాకే బోరింగ్." పిస్టన్ కొలిచి, దానికి తగ్గట్టు సిలిండరు కోయాలి. కోసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు. ఈ ఒక్క ముక్క మీద ఆయన ఎంతమందిని గుమ్మంలోంచే తిప్పి పంపాడో లెక్క లేదు.

గురువారం పొద్దున బ్లాకు వచ్చింది. పిస్టన్లు రాలేదు. వాటికోసం తమ్ముడు పార్సిల్ ఆఫీసులో పడిగాపులు పడుతున్నాడు. మేస్త్రి బోర్డు చూశాడు. గడియారం చూశాడు. శనివారం కళ్ళముందు మెదిలింది, దాని వెనకే భార్య. బోర్డుకు వీపు తిప్పి ఫోను తీశాడు.

"ఒరేయ్, ఎంత వెయ్యమంటావు?"

"అర వెయ్ బావా."

మేస్త్రి ఫోను పెట్టేశాడు. సుద్దముక్క తీసుకుని బ్లాకు మీద 60 అని రాశాడు.

కొంప మునిగింది అక్కడే. మేస్త్రి అంగుళాల కాలం మనిషి. పెద్ద పిస్టన్లంటే ఆయనకు మూడే సైజులు: ఇరవై, నలభై, అరవై. అన్నీ అంగుళంలో వెయ్యోవంతులు. తమ్ముడిది మిల్లీమీటర్ల లెక్క: పావు, అర, ముప్పావు. తమ్ముడు 'అర' అన్నది అర మిల్లీమీటరు, అంటే బావ లెక్కలో ఇరవై. కానీ బావ జీవితంలో 'అర' అనే సైజే లేదు. అందుకే ఆయన చెవిలో ఆ రెండు మాటలూ ఒకటై అరవైగా దిగాయి.

అరవై అంటే ఆఖరి కోత. బ్లాకు అంతగా అరగలేదే అని మేస్త్రికి ఓ క్షణం అనుమానం రాకపోలేదు. ఇంకోసారి అడిగితే పోయేది. కానీ బావకు ఏదైనా రెండుసార్లు చెప్పాలని బామ్మర్ది అప్పటికే నలుగురిలో అంటున్నాడు. ఆ ముచ్చట తీర్చడం ఇష్టంలేక మేస్త్రి యంత్రం ఆన్ చేశాడు.

మధ్యాహ్నానికి ఒకటో సిలిండరు అద్దంలా మెరిసింది. రెండోదాని మీదికి యంత్రాన్ని జరుపుతుండగా తమ్ముడు పెట్టెతో వచ్చాడు. నేను రాకుండానే కోసేశావా, మరి బోర్డు ఎవరికోసం అని మేలమాడుతూనే ఒక పిస్టన్ తీసి సిలిండర్లో పెట్టాడు. చెయ్యి వదిలాడు. అది గోడలకు తగలకుండా కిందికి దిగి, బల్ల మీద టంగుమని పడింది. గిలకబావిలో చెంబు జారిపోయినట్టు.

మేస్త్రి వంగి పిస్టన్ అందుకుని గేజి పెట్టాడు.

"అరవై అన్నావుగా," అన్నాడు మేస్త్రి.

"అర వెయ్ అన్నాను."

"నేనూ అదేగా అంటున్నాను."

క్యారియర్ పట్టుకుని అప్పుడే వచ్చిన టీచరమ్మ గుమ్మంలోనే ఆగి ఇదంతా రెండుసార్లు చెప్పించుకుంది. మొదటిసారి పక్కలు పట్టుకుని నవ్వింది. రెండోసారి బ్లాకు దగ్గరికొచ్చి, సిలిండరు లోపల వేలితో చుట్టూ తడిమింది. నవ్వు ఆగిపోయింది.

"కారు ఉన్నట్టా, పోయినట్టా?"

మేస్త్రి కోసిన సిలిండర్లోకి మళ్ళీ తొంగి చూశాడు. ఒక్క దారి ఉంది. ఆ సిలిండరు చుట్టూ ఇంకో మిల్లీమీటరు కోసి, స్లీవు, అంటే పల్చటి ఇనుప గొట్టం ఒకటి, లోపల బిగించాలి. ఆ గొట్టాన్ని పిస్టన్‌కు సరిపడా కోయాలి. చిక్కేమిటంటే, గోడకు అవతల ఇంజను చల్లబరిచే నీళ్ళు తిరుగుతాయి. గోడ ఎంత మందముందో పైకి తెలియదు. కోత అవతలికి తేలిందా, బ్లాకు మీద ఆశ వదులుకోవాల్సిందే.

"లోకంలో బోరు వేసేవాళ్ళంతా నీళ్ళు పడాలని మొక్కుతారు," అంది టీచరమ్మ. "మనం పడకూడదని మొక్కాలన్నమాట. కానివ్వండి."

ఆమె వెళ్ళిపోతే బాగుండునని మేస్త్రి అనుకున్నాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. క్యారియర్ తెరవలేదు. తప్పు నీదంటే నీదని గొణుక్కుంటున్న ఇద్దరినీ, పని అయ్యేదాకా కోతల మాట కొలతల మాట తప్ప ఇంకోటి వినబడకూడదని హెచ్చరించింది.

ఒకేసారి కోయాల్సినదాన్ని మేస్త్రి ఐదుసార్లుగా కోశాడు. కోత కోతకూ యంత్రం ఆపి, గేజి పెట్టి, అంకె పైకి చదివాడు. తమ్ముడు మిల్లీమీటర్లలో తిరిగి చదివాడు. ఐదో కోతలో రాలిన పొడి మిగతాదానికన్నా కాస్త ముదురు రంగులో ఉన్నట్టనిపించి, నీళ్ళ వైపు తుప్పు తగిలిందేమోనని మేస్త్రి దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. అయినా ఆపలేదు.

బ్లాకులో నీటి దారులన్నీ రబ్బరూ రేకులూ పెట్టి బిగించి, తొట్టిలో ముంచి, లోపలికి గాలి కొట్టారు. ఎక్కడైనా చిల్లి ఉంటే బుడగలు రావాలి. ముగ్గురూ తొట్టి మీదికి వంగారు.

ఒక బుడగ పైకి తేలింది.

తమ్ముడు పంపు వదిలేశాడు. టీచరమ్మ భర్త మోచెయ్యి పట్టుకుంది. మేస్త్రి నీళ్ళలో చెయ్యి పెట్టి, బోల్టు రంధ్రంలో చిక్కుకున్న గాలిని వేలితో తోసేసి, మళ్ళీ కొట్టమన్నాడు. నిమిషం గడిచింది. రెండు. నీళ్ళు కదల్లేదు.

"పడలేదు," అన్నాడు మేస్త్రి.

"మీ మొహంలోకి రక్తం మాత్రం వచ్చింది," అని టీచరమ్మ క్యారియర్ తెరిచింది. మొదటి గిన్నె ఆయనకే ఇచ్చింది.

శుక్రవారం స్లీవు దిగింది. నాలుగు సిలిండర్లకూ నాలుగు పిస్టన్లు ఎదురుగా పెట్టుకుని, కొలిచి, కోసి, నంబర్లు వేశారు. శనివారం పొద్దున ఇంజను అందుకుంది. కారు వెనకాల గాలి గాలిలాగే ఉంది. కొత్త బోరు కాబట్టి మొదట్లో నలభై కిలోమీటర్ల వేగం దాటకూడదని తమ్ముడు జాగ్రత్త చెప్పాడు.

"నా శిష్యులు నలభై దాటిననాడు పొగ కారుకి కాదురా, నాకొస్తుంది," అని టీచరమ్మ ఎక్కి కూర్చుంది.

మేస్త్రి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపలి నాలుగింటినీ ఒక్కొక్కటిగా పలకరిస్తున్నట్టు నిలబడ్డాడు. హారన్ మోగింది. కదల్లేదు. రెండోసారి మోగింది.

"జరగండి," అంది టీచరమ్మ కిటికీలోంచి. "పరీక్ష మీకు కాదు, వాళ్ళకి."