జానెడు దూరం

పొద్దున తొమ్మిదింటికి మొదటి పడవ దీవికి వస్తుంది. ఇరవై నాలుగు మంది దిగుతారు. వాళ్ళకి గుహ చూపించే లెక్కలక్క రేవు మెట్ల మీద నిలబడి చూపుడువేలితో తలలన్నీ లెక్కపెట్టుకుంటుంది. గుహలో మూడుసార్లు, బయటికొచ్చాక ఇంకోసారి. ఆ పేరు అలా వచ్చిందే.

"తల జాగ్రత్త. ఇక్కడ జారుతుంది. ఏదీ ముట్టుకోకండి. చేతి జిడ్డు తగిలిందంటే రాయి ఇక పెరగదు." రోజంతా ఇవే మాటలు. నిద్రలో కూడా ఇదే పాట పాడుతుందని పడవ నడిపే తమ్ముడు ఏడిపించేవాడు.

మూడో గదిలో, రెయిలింగుకి అవతల, ఆమె కూతురుంది.

పందొమ్మిదేళ్ళ కిందట, బడికి సెలవులని ఏడేళ్ళ పిల్లని వెంటబెట్టుకొచ్చింది. సరిగ్గా ఆ గదిలోనే కరెంటు పోయింది. చీకట్లో జనం ఒకటే గోల. ఎవరైనా తప్పిపోతే తన ఉద్యోగం పోతుందని, పిల్ల చెయ్యి వదిలేసి తలలు తడుముతూ లెక్కపెట్టింది. ఇరవై నాలుగు మందీ ఉన్నారు. లైట్లొచ్చేసరికి పిల్ల లేదు. నెల రోజులు వెతికినా కాలి చెప్పు కూడా దొరకలేదు.

మరుసటేడు అక్కడే, పైనుంచి చుక్కలు పడేచోట, కుడిచెయ్యి చాపుకుని పిల్లంత రాయి లేచింది. "పిల్ల వచ్చేసిందటగా" అని ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. అప్పట్నుంచీ వయసుతోపాటే పెరిగింది. పదమూడో ఏట బుగ్గల మీద మొటిమలు కూడా వచ్చాయి. తల్లి ఏటా కంటితోనే కొలత తీసుకుని ఒక గౌను కుట్టేది. బీరువా నిండా గౌన్లే. ఒక్కటీ తొడగలేదు, ముట్టుకోకూడదు కదా మరి.

చాచిన ఆ చెయ్యి ఏడాదికి వేలి మందం చొప్పున రెయిలింగు వైపు వస్తోంది. ఇంకా జానెడుంది. జానెడంటే పన్నెండు వేళ్ళు, పన్నెండేళ్ళు.

"నేను ముట్టుకుంటే తప్పుగానీ, అదే వచ్చి నా చెయ్యి పట్టుకుంటే తప్పెలా అవుతుందిరా?" అనేది తమ్ముడితో. ఆ ఒక్క ఆశతోనే బతుకుతోంది. మోకాళ్ళ నొప్పుల మాత్రలు వేళ తప్పకుండా వేసుకునేది కూడా అందుకే.

ఒక శుక్రవారం ఆఫీసరు టేపు పట్టుకుని వచ్చాడు. బాట వెడల్పు చేస్తారట, చెయ్యి అడ్డమొస్తోందట. సోమవారం కోసేస్తారట.

"చెయ్యి వరకేనమ్మా. మనిషి జోలికి పోం" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఎంత దయో!

"పన్నెండేళ్ళు ఆగండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పన్నెండేళ్ళా! పన్నెండు రోజులు ఆగినా పైవాళ్ళు నన్ను బతకనివ్వరు."

ఆదివారం మధ్యాహ్నం చివరి జట్టు. ఆటుకి నీళ్ళు వెనక్కి తీసేలోపు పడవ కదలాలని తమ్ముడు తొందరపెట్టడానికి లోపలికొచ్చాడు. అక్క జనాన్ని ముందుకు పంపేసి, రెయిలింగు మీంచి వంగి, కూతురి చెయ్యి పట్టుకుంది. పైనుంచి పడే చుక్క టక్కున ఆగిపోయింది. చల్లగా ఉన్న ఆ వేళ్ళు మెల్లగా ముడుచుకుని ఆమె చేతిని బిగించి పట్టుకున్నాయి.

"తమ్ముడూ, పట్టుకుందిరా! నా తల్లి, వదలట్లేదురా" అని ఏడ్చేసింది. మోచేతి దాకా ఆమె చర్మం అప్పటికే బూడిదరంగుకి తిరిగింది. రెండో చెయ్యి వెనక్కి చాపింది. "లాగరా! ఇద్దరం వచ్చేస్తాం."

బయట నీళ్ళు తీసేస్తున్నాయి. "ఎవరండీ పడవ తీసేది?" అని జనం అరుస్తున్నారు.

"ఒక్క నిమిషం అక్కా, వీళ్ళని లెక్కపెట్టి ఎక్కించి వచ్చేస్తా" అన్నాడు తమ్ముడు.

పరుగెత్తాడు. లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు మందీ ఉన్నారు. పరుగున తిరిగొచ్చేసరికి అక్క మెడ దాకా, మొహం దాకా, తల వెంట్రుకల దాకా రాయైపోయింది. ఎడమచెయ్యి మాత్రం అతను వదిలి వెళ్ళినచోటికే చాపి ఉంది. అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోమవారం రంపం వచ్చింది గానీ, ఆ తల్లీకూతుళ్ళని కొయ్యమని చెప్పడానికి ఆఫీసరుకి నోరు రాలేదు. బాటనే అవతలి గోడ వైపు జరిపించాడు. తల్లి పట్టుకున్న ఆ రోజుతో పిల్ల ఎదుగుదల ఆగిపోయింది, ఇరవై ఆరేళ్ళ దగ్గరే. తల్లి మీద మాత్రం కొత్తగా చుక్కలు పడుతున్నాయి.

ఇప్పుడు గుహ చూపించేది తమ్ముడే. "తల జాగ్రత్త, ఏదీ ముట్టుకోకండి" అంటాడు. మూడో గదిలో రెయిలింగు దగ్గర ఆగుతాడు. అక్క ఎడమచెయ్యి ఏడాదికి వేలి మందం చొప్పున కొత్త రెయిలింగు వైపు వస్తోంది. అతను కంటితోనే కొలుచుకున్నాడు. ఆరు జానలు. డెబ్బై రెండేళ్ళు. అతనికిప్పుడు యాభై ఒకటి.

వెనక్కి తిరిగి చూపుడువేలితో తలలు లెక్కపెడతాడు.

"ఇరవై నాలుగు. పదండి, అందరూ ఉన్నారు."