సన్నతొక్క కత్తి

క్యాంటీన్‌లో ఆమెను అందరూ సన్నతొక్క అనేవారు. బంగాళాదుంప చెక్కు తీస్తే ఆ తొక్కలోంచి వెలుతురు కనిపించేది. ఎవరినీ మెచ్చుకోని వంటమేస్త్రి కూడా ఆమె తీసిన తొక్కను పైకెత్తి నలుగురికీ చూపించేవాడు.

తన చేతికి తగ్గ చిన్న కత్తి కోసం ఆమె సామాన్ల కొట్లో పూటంతా నిలబడింది. పిడి గుప్పిట్లో ఇముడుతోందా, ఉక్కు పిడి చివరిదాకా ఉందా, మొన తిన్నగా ఉందా అని ఒక్కొక్కటీ చూసింది.

"పెళ్ళికొడుకుని కూడా ఇంతలా చూడరమ్మా," అన్నాడు కొట్టువాడు.

"వాడు మొద్దయినా సర్దుకోవచ్చు," అందామె.

ఆడపడుచుకి పని పోతే, మేస్త్రి కాళ్ళావేళ్ళా పడి క్యాంటీన్‌లో పెట్టించింది కూడా ఆమే. పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పింది. "పనవగానే కడిగి పొడిగుడ్డతో తుడువు. గిన్నెల్లో పడెయ్యకు, అంచు దెబ్బతింటుంది. రోజూ సానరాయి మీద వాలుగా నాలుగుసార్లు రుద్దు. వేలు తెగేది మొద్దు కత్తికే. తెగట్లేదని బలంగా నొక్కుతాం, అది జారుతుంది."

"సరే వదినా," అనేది ఆడపడుచు. ఆమె చెక్కు తీసిన దుంప మాత్రం సగమయ్యేది. "మీ వదిన కాలిగోటికి చాలవు," అని మేస్త్రి రోజూ అందరి ముందూ అనేవాడు. నెలరోజులు ఆమె తలొంచుకుని విన్నది.

ఒకరోజు కత్తి ఎందుకో దుంపలో దిగలేదు. పొద్దున్నే కదా పదును పెట్టాను అనుకుంది సన్నతొక్క. ఇంకా రెండు బుట్టలున్నాయి, మేస్త్రి అరుస్తున్నాడు. గట్టిగా నొక్కింది. కత్తి జారి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. నరం తెగింది, ఇక వేలు వంగదన్నాడు డాక్టరు.

"దుంప పట్టుకోలేనిదానివి, నీతో నాకేం పని?" అన్నాడు మేస్త్రి. ఆమె పీట మీద అప్పటికే ఆడపడుచు కూర్చుని ఉంది.

సామాన్లు తీసుకునేటప్పుడు ఆమె కత్తిని వెలుతురులో పెట్టి చూసింది. అంచంతా గీరుకుపోయి ఉంది. పిడి సందులో సిమెంటు పొడి.

"నువ్వేనా?"

ఆడపడుచు తలెత్తలేదు. "సిమెంటు గట్టుకి రుద్దాక పొడిగుడ్డతోనే తుడిచాను వదినా. నువ్వు చెప్పినట్టే."

సన్నతొక్క ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. "నీ చేతకానితనానికి నా చెల్లెలి మీద పడతావేం?" అన్నాడతను. "ఇప్పుడు ఇల్లు గడిచేది దానివల్లే, నోరు జాగ్రత్త."

సాయంత్రం ఆడపడుచు ఆపిల్ కోసి పక్కన కూర్చుంది. ముక్కను వదిన పెదాల దగ్గర పెట్టి, "తిను వదినా, నీరసంగా ఉన్నావు," అంది.

"చూశావా, ఎంత ప్రేమో!" అన్నాడు మొగుడు.

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె నోరు తెరిచింది.