వంటగదిలో పులి చిమ్మట

పొద్దున్నే వంటగదిలోంచి అత్తయ్య కేక. "ఇదిగో అమ్మాయ్! నీ చుట్టాలెవరో వచ్చారు, చూడు!"

పురుగులన్నీ నా చుట్టాలేనని ఆవిడ ఉద్దేశం. మ్యూజియంలో చిమ్మటలకు సూదులు గుచ్చి పెట్టెల్లో అమర్చే కోడలు దొరికితే ఎవరైనా అలాగే అంటారు. విసుక్కుంటూ వెళ్ళాను. గోడ మీద దాన్ని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాను.

పులి చిమ్మట! నల్లటి ముందు రెక్కల మీద మీగడ రంగు చారలు, వాటి కింద ఇటుకరంగు వెనక రెక్కలు, ఒళ్ళంతా ఎరుపూ నలుపూ పట్టీలు. సందేహం లేదు, అదే. లోకం మొత్తంలో అది ఒకే ఒక్క కొండ ఉత్తరపు వాలులో బతుకుతుందని మా మాస్టారు జీవితమంతా తిరిగి తేల్చారు. ఆ మాట మీదే అక్కడ క్వారీ ఆగింది. ఇవాళ కోర్టులో ఆయన మళ్ళీ అదే చెప్పాలి. మరి ఇది నగరం నడిబొడ్డున మా స్టవ్ పైన ఏం చేస్తోంది? ఇక్కడా బతుకుతుందంటే మాస్టారి పరువూ, కొండా రెండూ గోవిందా.

"చీపురుతో ఒక్కటివ్వనా?" అంది అత్తయ్య.

ఇవ్వమనే మాట నోటిదాకా వచ్చింది. ఎవరికి తెలుస్తుంది? కానీ నా గొంతు నా మాట వినలేదు. "వద్దత్తయ్యా, చంపకండి!" అని అరిచాను.

అప్పుడు గుర్తొచ్చింది దుప్పటి. కొండ మీద తెల్ల దుప్పటి కట్టి, ముందు దీపం పెడితే చిమ్మటలు వచ్చి వాలతాయి. సబ్బు వాసన వాటికి పడదని మాస్టారి నమ్మకం. అందుకే దాన్ని మేమెవరమూ ఉతకం. కిందటిసారి తెచ్చి, చుట్టలా తలుపు వెనక పడేశాను. పరుగెత్తి విప్పాను. మడతలో, వెంట్రుకలు అల్లుకున్న ఖాళీ గూడు. గొంగళిపురుగు కొండ మీంచి దర్జాగా మాతోపాటే బండెక్కి వచ్చిందన్నమాట!

హమ్మయ్య! అక్కడే కూలబడి పిచ్చిదానిలా నవ్వాను. వెంటనే మాస్టారికి ఫోన్ చేసి గడగడా అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"అది బతికే ఉందా అమ్మా?"

"ఉందండీ."

"జాగ్రత్తగా పట్టుకో. రాత్రి క్వారీవాళ్ళు కొండ పేల్చేశారు. తీర్పు దాకా కూడా ఆగలేదు. మన వాలు లేదమ్మా, మొత్తం కూలిపోయింది. ఇక అదొక్కటే."

ఫోను చెవిన పెట్టుకునే వంటగదిలోకి పరుగెత్తాను. గోడ ఖాళీ. కిటికీ బార్లా తెరిచి ఉంది.

అత్తయ్య చేతులు దులుపుకుంటోంది. "చంపొద్దన్నావుగా, మెల్లిగా కాగితం మీదకెక్కించి బయటికి వదిలేశాను. దాని ఇంటికి అది పోతుందిలే."