కాపలా ప్లగిన్

"ఎర్ర అంకెలు కనిపిస్తే కంగారుపడి ఏదీ నొక్కకు, నేనొచ్చి చూస్తా" అని చెప్పి భర్త జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు. ల్యాప్‌టాప్‌లో బ్లాగు ఆయన లాగిన్‌తోనే తెరిచి ఉంది.

ఆమె టీచరు. ఎదురుగా దిద్దవలసిన నలభై రెండు నోటుపుస్తకాలు. మూడేళ్ళుగా బ్లాగు రాస్తోంది. రాయడం వరకే ఆమెది, ప్లగిన్లన్నీ ఆయనే పెట్టాడు: రోజూ నకలు తీసి దాచేదొకటి, బొమ్మల బరువు తగ్గించేదొకటి, అడ్డమైన కామెంట్లను గుమ్మం దాటనివ్వని కాపలాదొకటి. ఇంటికెవరొచ్చినా "బండి ఆవిడది, స్టీరింగు నాది" అని నవ్వేవాడు. "మావాడు కాబట్టి సరిపోయింది, ఇంకొకడైతే ఈ రాతలేమిటని మూల పడేసేవాడు" అని అత్తగారు వంత పాడేవారు. ఆమె కూడా నవ్వి, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేది.

నిజానికి ఆ రాతలు ఒక్క మనిషి కోసం. బ్లాగు మొదలుపెట్టడానికి కొన్నాళ్ళ ముందు అక్క ఈ ఇంటికొచ్చి, "మా చెల్లెలు కూర్చుని తినగా నేనెప్పుడూ చూళ్ళేదు మరిదిగారూ" అంది. అంతే. "మీ అక్క ఫోను ఈ ఇంట్లో మోగకూడదు" అన్నాడు ఆయన. గొడవెందుకని ఆమె తలూపింది. ఆ తలూపడమే ఇప్పుడు నిద్రపోనివ్వదు. చదివి అక్క ఒక్క మాటైనా రాస్తుందని చూసింది. రాలేదు. పౌరుషం కాబోలు అనుకుంది.

అక్క పోయి నాలుగు నెలలు. పలకరించడానికి వెళ్ళినప్పుడు బావ, "నీ రాతలన్నీ చదివేదమ్మా. పాపం, నువ్వు ఒక్కదానికైనా..." అని, ఆమె భర్త రావడం చూసి ఆగిపోయాడు. ఆ సగం మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది.

తెర మూలన ఎర్ర అంకె వెలిగింది. ఆమె దాన్ని నొక్కింది. కాపలా ప్లగిన్ తెరుచుకుంది. లోపలికి రానివ్వకూడని వాళ్ళ జాబితా: జూదం వాళ్ళు, బట్టతల మందుల వాళ్ళు, జాతకాల వాళ్ళు. వాళ్ళ మధ్య అక్క ఈమెయిల్. దానంతటది అక్కడికి నడిచి రాలేదు. బ్లాగు తెరిచిన మర్నాటి తేదీ ఉంది, భర్త పేరు ఉంది. కింద, ఆపేసిన కామెంట్లు తొమ్మిది.

"చెల్లీ, ఆ వెనక బెంచీ పిల్ల గురించి చదివి నవ్వలేక పొలమారింది."

"ఈసారి వాక్యాలు అలిసిపోయి ఉన్నాయి. సరిగ్గా పడుకుంటున్నావా?"

చివరిది ఆస్పత్రి నుంచి. "నీ కోపం తగ్గకపోయినా పర్లేదే. జవాబివ్వకు. రాయడం మాత్రం మానకు."

ఒక్కొక్కటీ రెండుసార్లు చదివింది, పరీక్ష పేపరు చదివినట్టు. తర్వాత జాబితాలోంచి అక్కను తీసేసింది. తొమ్మిదింటినీ బ్లాగులోకి వదిలింది. సభ్యుల పేజీలో తన పేరు పక్కన యజమాని అని, భర్త పేరు పక్కన పాఠకుడు అని మార్చింది. "ఖచ్చితంగా మార్చాలనుకుంటున్నారా?" అని పేజీ అడిగింది. ఆమె ఏమనుకుంటోందో ఈ ఇంట్లో అడిగింది అదొక్కటే.

తలుపు చప్పుడైంది. భర్త మెడ మీది వెంట్రుకలు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏదైనా నొక్కావా ఏంటి?"

"నొక్కాను" అని, ఆమె తల తిప్పకుండా ఆయన లాగిన్ మూసి, తన పేరుతో తెరిచి, చివరి కామెంటు కింద రాయసాగింది.

"అక్కా, ఇప్పుడే అందింది."