ఖాళీగా వచ్చిన ఫిర్యాదులు

"ఖాళీవి తీసి పారెయ్ షారన్, ఎర్రర్ అదే పోతుంది," అన్నాడు టీమ్ లీడ్ హరినాథ్, ఆమె కుర్చీ వెనక నిలబడి.

నెల్లూరులో వాళ్ళది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. తీరప్రాంతపు ఆడవాళ్ళ కోసం నడిచే ఒక హెల్ప్‌లైన్ యాప్‌కి వచ్చే ఫిర్యాదుల్లోంచి 'కొట్టాడు', 'చంపుతానన్నాడు' లాంటి మాటలున్నవి ఏరే ప్రోగ్రాం షారన్ రాస్తోంది. మాటలు వెతకడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రెగెక్స్ అనే వెతుకుడు సూత్రం పెట్టింది. పొద్దుటినుంచీ అది తప్పు రకం డేటా వచ్చిందని, టైప్ ఎర్రర్ అంటూ ఆగిపోతోంది. కారణం ఇప్పుడే దొరికింది. కొందరు ఏమీ రాయకుండానే 'పంపు' నొక్కారు. ఆ ఖాళీ గడిని పైథాన్ మాటగా కాక, విలువ లేని అంకెగా తీసుకుంటుంది. అంకెను చూడగానే రెగెక్స్ మొరాయిస్తుంది.

"తీసేస్తే వాళ్ళ ఫోన్ నంబర్లు గూడా పోతాయి సార్."

"పోనీలే. ఏమీ రాయలేదంటే ఏమీ లేదనే గదా!"

షారన్ చెవులు వేడెక్కాయి. పోయిన నెల కోవూరులో తన అత్తింటికొచ్చిన పాస్టరుగారూ అలాగే అనుకున్నారు. భర్త కిషోర్ బాబు ఆమె మీద చేయి చేసుకున్న మర్నాడది. "ఏమన్నా చెప్పుకునేది ఉందా అమ్మా?" అని అడిగారాయన, ఒక పక్క కిషోర్, ఇంకో పక్క అత్త రెబెక్కమ్మ కూర్చుని ఉండగా. "దానికేముంటాదయ్యా, నోట్లో నాలుక లేని పిల్ల," అంది రెబెక్కమ్మ టీ అందుకుంటూ. ఆ టీ పెట్టిందీ షారనే, వాచిన మణికట్టుతో. ఆమె మౌనాన్నే సమాధానమనుకుని పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళారు. ఇంటిల్లిపాదీ కోడల్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నోరు విప్పనీయకుండా మనిషిని బిగించిపెట్టి, పైగా నెమ్మదస్తురాలని పేరు పెడతారు!

ఆమె ఖాళీవి తీసేయలేదు. మాటలుంటేనే రెగెక్స్‌కి ఇవ్వమని, లేకుంటే ఆ నంబరును 'ముందుగా ఫోన్ చేయాల్సినవారి'లో చేర్చమని రాసింది. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా నడిచింది.

హరినాథ్ ముఖం చిట్లించాడు. "ఎవురు చెప్పినారు నీకిట్ట చెయ్యమని? క్లయింటు అడిగితే?"

"నేను చెప్తా. రాయడానికి భయపడి గూడా 'పంపు' నొక్కిందంటే, ఆమెకు ఏమీ లేదని కాదు సార్, పక్కన ఎవరో ఉన్నారని!" ఆమె గొంతుకు ఆఫీసంతా తలెత్తి చూసింది. "తీసేయాలంటే మీరే తీసేయండి. మీ పేరు పెట్టుకొని."

అతను కీబోర్డు ముట్టుకోలేదు.

సాయంత్రం షారన్ కోవూరు ఆటో ఎక్కలేదు. బోగోలులో ఉన్న అక్క ఫ్లోరా దగ్గరికి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని ఫోన్‌లో ఆ హెల్ప్‌లైన్ యాప్ తెరిచింది. పాస్టరుగారు వచ్చి వెళ్ళిన రోజు తను పంపిన ఫిర్యాదు అందులో ఖాళీగా అలాగే ఉంది. దాని కింద, మొదట భర్త పేరు రాసింది.