ఐదో తట్ట

బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టడం మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళందరికీ అలవాటు. ఆ గుప్పెడు దేవునిది. పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసి ఆదివారం గుడికి తీసుకుపోతాం. ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, చెయ్యి దానంతట అదే పోతుంది. నేను ఆళ్ళగడ్డకు కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త దానమ్మ నా గుప్పిలి వంక చూసి, నీ చెయ్యి పెద్దది, కొంచెం మూయి అంది. అన్నం తగ్గితే ఎవరికి తగ్గుతుంది? అత్తకు, మా ఆయన అబ్రహాముకు, ఇద్దరు మగపిల్లలకు తట్టల్లో పెట్టాక మిగిలిందే నాది. అన్నం తినే పళ్ళేన్ని మా వైపు తట్ట అంటాం. నాకు తట్ట ఉండేది కాదు. అన్నం గిన్నెలోనే చారు పోసుకుని, అడుగు మాడు గీక్కుని తినేదాన్ని. ఇంకో తట్ట తోమే పని నాకే కదా, ఎందుకులే అనుకునేదాన్ని. దేవుని గుప్పెడు పూటపూటా నా కడుపులోంచే పోతోందని అప్పట్లో తోచలేదు.

అది ఎనభై ఒకటో, ఎనభై రెండో సంవత్సరం. నంద్యాలలో మా సంఘం నడిపే చిన్న ఆస్పత్రి నుంచి కృపావతి నర్సమ్మ వచ్చింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళను కూర్చోబెట్టి, దేవుని గుప్పెడుతో పాటు ఇకమీదట ఇంకో గుప్పెడు తీయండి, అది ఆస్పత్రికి అని చెప్పింది. ఆ బియ్యం అమ్మి మందులకు, ఆపరేషన్లకు వాడతారట. పేరిచ్చిన ప్రతి మనిషికీ ఏడాది పొడుగునా ఏ జబ్బొచ్చినా చూస్తారట. పేర్లు మాత్రం గుడిలో కొత్త పంట అర్పించే కోతపండుగ నాడే ఇవ్వాలి. ఆ రోజు దాటితే మళ్ళీ పండుగ దాకా ఆగాల్సిందే.

రోగం రాకముందే రోగానికి బియ్యం తీస్తే దాన్ని పిలిచి పీట వేసినట్టు కాదా అని మా పక్కింటి ఎస్తేరు భయపడింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. మా అత్తకు వేరే బాధ. తాను గుండ్రాయిలా ఉంటే తన గుప్పెడు ఊరికే పోయినట్టే కదా అని అడిగింది. కృపావతి నవ్వింది.

"పోతే సంతోషపడవ్వా. నువ్వు మంచాన పడలేదనే గదా. ఈ ఏడు నీ గుప్పెడు ఇంగెవురినో బతికిస్తాది. రేపు నువ్వు పడితే ఊరందరి గుప్పెళ్ళు నీకొస్తాయి. పడినంక మూట ఎత్తుకోని ఉరికొస్తే, ఒక్క ఇంటి బియ్యం ఏ మూలకు?"

కోతపండుగ నాడు గుడి వెనక వంటల దగ్గర నేను బియ్యం కడుగుతున్నాను. అరుగు మీద కృపావతి ఇంటింటి వాళ్ళనూ పిలిచి, ఎంతమందని అడుగుతోంది. మా అత్త జవాబు నాకు వినబడింది.

"నాలుగు తట్టలు."

ఆమె మనుషుల్ని లెక్కపెట్టేది అట్లే. నాలుగు పేర్లూ చెప్పింది. వింటున్న నాకు కూడా అందులో తప్పేమీ కనపడలేదు. నేను వండేదీ ఆ నాలుగు తట్టలకే.

మరునాటి నుంచి రెండు గుప్పెళ్ళు తీశాను. గిన్నెలో మిగిలేది ఇంకాస్త తగ్గింది. ఆ వేసవిలో ఎస్తేరుకు కాన్పు కష్టమైతే నంద్యాలలో కోసి బిడ్డను తీశారు. తల్లీబిడ్డలు బస్సు దిగినప్పుడు, నా గుప్పెడు బియ్యం కూడా ఆ బిడ్డలో ఉందని లోపల్లోపల గర్వపడ్డాను.

ఆ వెనక వానాకాలంలో నాకు ముట్టు ఆగలేదు. గుడ్డలు ఉతికి ఎవరి కంటా పడకుండా గడ్డివామి వెనక ఆరేసుకునేదాన్ని. వంగి నాట్లేస్తుంటే కళ్ళు చీకట్లు కమ్మేవి. అత్తకు చెప్తే, ఆడదానికి ఇదీ ఒక రోగమేనా, మేం పడలేదా అంది. ఒకరోజు మడిలోనే పడిపోయాను. మా ఆయన భుజాన వేసుకొచ్చి నంద్యాల బస్సెక్కించాడు. మనిషి చెడ్డవాడు కాదు. దారి పొడుగునా తన తువాలు నా ఒళ్ళో కప్పి పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలి అంది. మాది గుప్పెడు బియ్యం ఇల్లేనని మా ఆయన ధైర్యంగా చెప్పాడు. కృపావతి పేర్లు చూసింది. మళ్ళీ చూసింది.

"అన్నా, మీ ఇంట్లో నలుగురే ఉండారు. సలోమి పేరు ల్యాదు."

"అదేందమ్మా, అది మా ఇంటి మనిషి గాదా? ఆ బియ్యం తీసేదే అది."

"ఆ మాట అవ్వ చెప్పల్యాదన్నా."

ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. పేరివ్వని వాళ్ళకు చేస్తూ పోతే ఇచ్చినవాళ్ళకు చాలదని చెప్తుంటే కృపావతికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రక్తం తగ్గడానికి మాత్రలిచ్చింది. కోతపండుగ రెండు నెలల్లో వస్తుంది, జబ్బుతో ఉన్నా చేర్చుకుంటాం, ఆ రోజు మాత్రం తప్పిపోవద్దని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తిరుగు బస్సులో నాకు ఎవరి మీదా కోపం రాలేదు. అత్త అబద్ధమాడలేదు. మా ఇంట్లో పరిచేవి నాలుగు తట్టలే. ఆమె కూడా ఒకప్పుడు గిన్నెలోనే తిన్నది. మా మామ పోయాక ఆయన తట్ట ఆమెకు వచ్చింది. మరి నాకు తట్ట రావాలంటే ఎవరు పోవాలి? కిటికీలోంచి పచ్చటి మళ్ళు చూస్తూ నన్ను నేనే అది అడిగాను. నేనే ముందు పోయేలా ఉన్నానని తోచింది.

మరునాడు పొద్దున అన్నం దించి నాలుగు తట్టలు పరిచాను. పెట్టె అడుగున, మా అమ్మ పెళ్ళికి పెట్టిన సత్తు తట్ట ఉంది. అది తీసి కడిగి ఐదోదిగా పరిచాను. అందరికీ వడ్డించి, నాకూ అంతే పెట్టుకుని కూర్చున్నాను.

"ఆ తట్ట ఎవురిదే?" అంది అత్త.

"నాదత్తా."

"మల్ల వడ్డించేదెవురు?"

"గిన్నె నడుమనే ఉండాది. కావాల్సినోళ్ళు పెట్టుకుంటారు."

మా ఆయన తలెత్తలేదు. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు. అత్త కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం పూటపూటా ఆ తట్ట వేస్తూనే వచ్చాను. కూర్చునే ఓపిక లేని రోజు గోడకు ఆనుకుని తిన్నాను.

కోతపండుగ వచ్చింది. ఈసారి వంటల దగ్గరకు పోలేదు. అత్త పక్కనే నిలబడ్డాను. ఆమె నాలుగంటే నా పేరు నేనే చెప్పుకోవాలని గొంతు సవరించుకున్నాను. ఎంతమందవ్వా అని కృపావతి అడిగింది. మా అత్త ఎప్పటిలాగే తన లెక్క తాను వేసుకుని వేళ్ళు మడిచింది.

"ఐదు తట్టలు."

ఐదోది ఎవరిదని అడిగింది కృపావతి. అత్త తడబడింది. ఆమె నన్ను ఏమ్మే అని పిలిచేది, పరాయివాళ్ళతో మావాని పెండ్లాం అనేది. కాపురానికి వచ్చినప్పటి నుంచి నా పేరు ఆమె నోట వినలేదు.

"సలోమి" అంది. నా వైపు చూడకుండానే, "బేగా రాసుకోమ్మా, దానికి ఒంట్లో బాగలేదు" అంది.