నిండుగా తిరిగొచ్చిన సీసాలు

పోయిన ఏడాది చర్చి పిక్నిక్ అయ్యాక నీళ్ళ సీసాలు కడిగింది నేనే. మా ఆయన నతానియేలు సంఘానికి కార్యదర్శి కాబట్టి మిగిలిన సామాను ఎప్పుడూ మా ఇంటికే చేరుతుంది. పేరు ఆయనది, చాకిరీ నాది. ఆడవాళ్ళకి పసుపు మూతల సీసాలు, మగవాళ్ళకి నీలం మూతలవి పంచాం. నీలం మూతలవన్నీ ఖాళీ. పసుపు మూతలవి మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టే నిండుగా తిరిగొచ్చాయి. మండుటెండలో పొద్దంతా తిరిగిన ఆడవాళ్ళం ఒక్కరమూ గొంతు తడుపుకోలేదు. నేనూ తాగలేదు. పెరట్లో ఆ నీళ్ళన్నీ కరివేపాకు మొక్కకు పోస్తుంటే ముందు సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది.

ఎందుకు తాగలేదని ఏ ఆడదాన్నీ అడగక్కర్లేదు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటుండదు. నేను టీచరుగా చేసే బడిలో బీరువాకు రెండు తాళాలున్నాయి, ఆడవాళ్ళ బాత్‌రూముకి గడియ లేదు. చెబితే హెడ్మాస్టరు గారు, ఒక్క పూట ఓర్చుకోలేరా మేడమ్ అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఒక్క పూటే ఓర్చుకుంటున్నాను.

ఈసారి గుండ్లకమ్మ ఒడ్డున కొత్తగా పెట్టిన వనానికి వెళ్దామన్నారు. గేటు దగ్గర మొదలై, ఏటి వెంట సాగి, చిన్న గుట్ట ఎక్కి దిగి, చుట్టూ తిరిగి మళ్ళీ గేటుకే చేరే ఏడు కిలోమీటర్ల కాలిబాట. బోర్డు మీద మధ్యస్థం అని రాశారట, అంటే మరీ కష్టమూ కాదు, మరీ తేలికా కాదు. ప్లాన్ నువ్వు రాసిపెట్టు, ఆదివారం ఆరాధన అయ్యాక నేను చదువుతానన్నాడు మా ఆయన. ఎప్పటిలాగే.

మా అత్త మార్తమ్మ తను రానని ముందే చెప్పేసింది. నలభై ఏళ్ళు కూలికి పత్తి తీసి, మిరపకాయలు కోసిన మనిషి. పోయిన వేసవిలో మూత్రంలో మంటతో ఆసుపత్రిలో పడితే, నీళ్ళు బాగా తాగాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. రానంది కానీ, ఏట్లో నీళ్ళున్నాయా అని మూడుసార్లు అడిగింది. పనికి తప్ప ఊరు దాటని ఆమెకు ఆ ఏరు చూడాలనుంది. నాకు ఆమెను తీసుకెళ్ళాలనుంది.

శనివారం ఆమెను ఆటో ఎక్కించాను. మనిద్దరమే ముందు దారి చూసొద్దాం అత్తయ్యా అన్నాను. బాట మీద అడుగు పెట్టగానే ఆమె చూపు ఏటి మీద కాదు, అటూ ఇటూ పొదల మీద పడింది.

"పత్తి చేలో పర్లేదే సంతోషా, చెట్టు గుబురుగా ఉంటది, కూకుంటే కనపడం. మిరపచేలో దాపుండదు. మిరపకోతల్లో పొద్దుగూకిందాకా నోరు తడుపుకునేవాళ్ళం కాదు" అంది.

ఇరవై ఏళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నాం. ఈ మాట ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండో కిలోమీటరు దగ్గర మలుపులో నిలువెత్తు రెల్లు ఉంది. ఆమె లోపలికి వెళ్ళి, కర్రతో కొట్టి పాములేమీ లేవని చూసి వచ్చింది. గుట్ట దిగాక పాడుబడ్డ మోటారు షెడ్డుకి మూడు గోడలు నిలిచి ఉన్నాయి. నాలుగో గోడకి ఒక పాత చీర అడ్డం కడితే చాలంది. తర్వాత ఉన్నట్టుండి ఆగింది. "మళ్ళీ ఈ దార్నే వెనక్కి రారుగా? అయితే మగోళ్ళని ముందు తోలు" అంది.

నాకు నవ్వాగలేదు. పెళ్ళయినప్పటి నుంచీ మగవాళ్ళ వెనక నడవడమంటే నాకు మంట. వెనక నడవడంలోనూ ఇంత సుఖం ఉంటుందని ఆమె చెబితే గానీ తెలియలేదు.

ఆ రెండు చోట్లూ ప్లాన్‌లో రాశాను. మా ఆయన చదివి, పెన్ను తీసి ఆ వాక్యాలు కొట్టేశాడు. "పాస్టరు గారి ముందు ఇదెట్టా చదవమంటావు? ఊరందరిదీ ఒక దారైతే నీదొక దారి. మీలో మీరు చెప్పుకోండి" అన్నాడు. మాలో మేము చెప్పుకునే తాగడం మానేశామని ఆయనకెలా తెలుస్తుంది? కొత్త కాగితం మీద మొత్తం శుభ్రంగా తిరగరాశాను. కొట్టేసిన వాక్యాలు ఎక్కడివక్కడే ఉంచి, పొద్దున ఆయన బైబిల్లో పెట్టాను.

ఆరాధన అయ్యాక కాగితం తీసి చదువుతూ నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాడు. ఆడవాళ్ళ వైపు, నా వైపు చూశాడు. ఆయన అలా చూస్తే తల దించుకోవడం నాకు అలవాటు. ఆవేళ దించలేదు. పక్కనున్న అత్తయ్య కూడా కొడుకు వంకే చూస్తూ కూర్చుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రెల్లు మలుపులో, మోటారు షెడ్డు దగ్గర ఆడవాళ్ళు ఆగుతారు. మగవాళ్ళు ఆగకుండా ముందుకు సాగిపోవాలి."

ఎవరూ నవ్వలేదు. పాస్టరు గారు, మంచి ఏర్పాటు అని తలాడించారు. వెనక వరుసలోంచి క్రిస్టీనా నా భుజం తట్టి, లీటరు సీసా తెచ్చుకోనా అక్కా అని మెల్లగా అడిగింది.

నేను జవాబిచ్చే లోపే మా అత్త నా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, అందరూ చూస్తుండగా సగం తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, "నా పేరు కూడా రాయి" అంది.